మధ్యాహ్నానికి మెత్తబడని గ్రిల్డ్ శాండ్‌విచ్: మెషిన్ మార్చకండి, నీళ్ల సంగతి చూడండి

మీ ప్రశ్న నాకు అర్థమైనంత వరకు ఇదీ అమ్మా. ఆరో తరగతి చదివే మీ పాప కోసం రెండు వేలు పెట్టి గ్రిల్ మెషిన్ కొన్నారు. పొద్దున ఏడింటికి చేసినప్పుడు శాండ్‌విచ్ కరకరలాడుతోంది, పన్నెండున్నరకు పాప డబ్బా తెరిచేసరికి తడిసిన అట్టముక్కలా ఉంటోంది, సగం తిని సగం వెనక్కి తెస్తోంది. చీజ్ పక్కలకు కారి మెషిన్‌కి అంటుకుంటోంది, ఒక్కోసారి మూత తీస్తే బ్రెడ్ చిరిగి పైకి లేస్తోంది. ఇప్పుడు ఆరు వేలు పెట్టి పానినీ ప్రెస్, అదే ఇటలీ తరహా శాండ్‌విచ్‌లను నొక్కి కాల్చే మెషిన్, కొనాలా అని అడిగారు.

వద్దు. ఆరు వేలు మీ దగ్గరే ఉంచుకోండి. మీ మెషిన్‌లో ఏ లోపం ఉన్నట్టు నాకు అనిపించలేదు. పొద్దున కరకరలాడుతోందని మీరే రాశారు కదా, అంటే దాని పని అది చేసింది. పాడైందంతా ఆ తర్వాతి ఐదున్నర గంటల్లో.

నేను దిల్‌సుఖ్‌నగర్‌లో కోచింగ్ సెంటర్ల సందులో తొమ్మిదేళ్లు శాండ్‌విచ్ బండి నడిపాను. అంతకుముందు బొంబాయిలో, వర్లీలో మా మేనమామ దగ్గర రెండేళ్లు ఉన్నాను, మనవాళ్లు అక్కడ చాలామంది ఉన్నారు కదా, పని అక్కడే ఒక బండి పక్కన నిలబడి నేర్చుకున్నాను. ఇప్పుడు బండి లేదు, ఇంట్లో ఇద్దరు పిల్లలకు డబ్బాలు కట్టడమే నా వ్యాపారం. బండి మానేసి డబ్బా మొదలుపెట్టిన మొదటి నెల మా వాడు కూడా మీ పాపలాగే సగం వెనక్కి తెచ్చాడు. తొమ్మిదేళ్ల అనుభవం ఉన్నవాడి శాండ్‌విచ్‌ని సొంత కొడుకే తినలేదు! అప్పుడు కూర్చుని ఆలోచిస్తే తెలిసింది, బండి శాండ్‌విచ్ వేరు, డబ్బా శాండ్‌విచ్ వేరు.

బొంబాయి బండి మీద ఏం చేస్తారో చూడండి. బ్రెడ్‌కి వెన్న, పచ్చ చట్నీ, దాని మీద ఉడికిన ఆలుగడ్డ చక్రాలు, కీరా, టమాటా, ఉల్లిగడ్డ, బీట్‌రూట్, మధ్యమధ్యలో మసాలా చల్లడం, మళ్లీ బ్రెడ్. అది చేతి టోస్టర్‌లో పెట్టి నిప్పు మీద కాల్చి, ముక్కలు కోసి, పైన సేవ్, అంటే సన్న కారప్పూస, చల్లి చేతికిస్తారు. తినేవాడు అక్కడే నిలబడి రెండు నిమిషాల్లో అవగొట్టేస్తాడు. టమాటా నీళ్లు బ్రెడ్‌లోకి దిగేలోపే శాండ్‌విచ్ కడుపులోకి దిగిపోతుంది. అందుకే అక్కడ కీరా, టమాటా ఎన్ని పెట్టినా చెల్లుతుంది. మనం ఆ వీడియోలు చూసి అదే కొలతతో చేసి ఐదు గంటలు మూతపెట్టి పంపుతాం. కీరాలో, టమాటాలో నూటికి 95 పాళ్ల దాకా నీళ్లే. పైగా ఉప్పు, చాట్ మసాలా చల్లుతాం, ఉప్పు తగలగానే ఆ నీళ్లు బయటికి వస్తాయి. దోసకాయ పచ్చడికి ముక్కలు ఉప్పేసి పక్కన పెడితే గిన్నె అడుగున నీళ్లు చేరతాయే, మీ పాప డబ్బాలో జరిగేదీ అదే. అక్కడ పీల్చుకోవడానికి బ్రెడ్ ఉంది, అంతే తేడా.

కాబట్టి డబ్బా శాండ్‌విచ్‌లో పచ్చి కీరా, పచ్చి టమాటా వద్దు. చిన్న డబ్బీలో విడిగా పెట్టండి, పిల్లలు నంజుకుంటారు. టమాటా రుచి లేకపోతే మా ఇంట్లోనూ ఊరుకోరు, అందుకని నాలుగు టమాటాలను కొంచెం నూనెలో కారం, వెల్లుల్లి వేసి నీరంతా ఇగిరి నాలుగు చెంచాల తొక్కు అయ్యేదాకా మగ్గిస్తాను. అది పల్చగా రాస్తే పచ్చి ముక్కకంటే రుచి ఎక్కువే.

నీళ్లు వచ్చే రెండో దారి చట్నీ. మిక్సీ తిరగడం లేదని అరగ్లాసు నీళ్లు పోస్తాం, అక్కడే పోయింది. కొత్తిమీర ఒక కట్ట, పుదీనా గుప్పెడు, పచ్చిమిర్చి నాలుగు, చిన్న అల్లం ముక్క, ఉప్పు, అరచెక్క నిమ్మరసం, వీటికి రెండు పెద్ద చెంచాల పుట్నాలు. ముందు పుట్నాలను పొడి చేసి తర్వాత ఆకులు వేయండి. కడిగిన ఆకులకున్న తడి, నిమ్మరసం చాలు, మరీ తిరగకపోతే ఒక ఐసు ముక్క వేయండి, చల్లదనానికి రంగు కూడా నల్లబడదు. చెంచాతో తీసి తిరగేస్తే కింద పడకూడదు, అదీ కొలత. జారితే ఇంకో చెంచా పుట్నాల పొడి కలపండి. బండి రోజుల్లో నేను పుట్నాలు తగ్గించి నీళ్లు పెంచేవాణ్ణి, ఒప్పుకుంటున్నాను, చట్నీ ఎక్కువ మందికి వస్తుంది మరి. మీకా అవసరం లేదు.

మూడో దారి గురించి ఎవరూ చెప్పరు, నా లెక్కలో సగం తప్పు అక్కడే ఉంది. అది ఆవిరి. మెషిన్‌లోంచి తీసిన శాండ్‌విచ్ లోపల ఇంకా పొగలు కక్కుతూ ఉంటుంది. బస్సు వచ్చేస్తుందన్న టెన్షన్‌లో అలాగే డబ్బాలో పెట్టి మూత బిగిస్తాం. ఆ ఆవిరి మూతకు తగిలి చల్లబడి నీటిచుక్కలై మళ్లీ బ్రెడ్ మీదే పడుతుంది. వేడిది ఫాయిల్‌లో చుట్టినా అంతే. వేడి నిలబెట్టే హాట్‌బాక్స్ అయితే ఇంకా ఘోరం, ఆవిరిని దాచిపెట్టడానికే దాన్ని తయారుచేశారు. చేయాల్సింది చిన్న పనే. తీసిన వెంటనే పుల్కాలు కాల్చే జాలీ మీద పెట్టండి, జాలీ లేకపోతే జల్లెడ బోర్లించి దాని మీద. పది నిమిషాలు. ప్లేట్‌లో పెట్టొద్దు, అడుగువైపు చెమట పట్టి ఆ ఒక్క వైపే మెత్తబడుతుంది. చల్లారాక బటర్ పేపర్‌లోనో, ఉతికిన నూలు గుడ్డలోనో చుట్టి స్టీలు డబ్బాలో పెట్టండి. గుడ్డ మిగిలిన తేమను పీల్చుకుంటుంది. న్యూస్‌పేపర్ మాత్రం వాడొద్దు, ఆ సిరా ఆహారంలోకి దిగుతుందని 2023లో కేంద్ర ఆహార భద్రతా సంస్థ ఎఫ్ఎస్ఎస్ఏఐ కూడా గట్టిగా చెప్పింది. బండి మీద మేమంతా వాడినవాళ్లమే అనుకోండి.

పది నిమిషాలు ఎక్కడున్నాయి అంటారేమో. పాప జడ వేసేలోపు అయిపోతుంది. ముందు శాండ్‌విచ్, తర్వాత జడ. వరస మార్చండి చాలు.

ఇక బ్రెడ్. ఆ రోజే వచ్చిన తాజా బ్రెడ్ కొంటున్నానని గొప్పగా రాశారు. తినడానికి అది మంచిదే, గ్రిల్‌కి మాత్రం నిన్నటి బ్రెడ్ మంచిది. తాజా బ్రెడ్ మరీ మెత్తగా, తేమగా ఉంటుంది, మూత బరువుకు అణిగి పిండిముద్దలా అయిపోతుంది, మీ బ్రెడ్ చిరగడానికి ఒక కారణం ఇదే. అలాగని ఫ్రిజ్‌లో పెట్టొద్దు. ఫ్రిజ్ చలికి బ్రెడ్‌లోని పిండిపదార్థం తొందరగా గట్టిపడుతుంది, బయట పెట్టినదానికంటే ముందే రంపపు పొట్టులా తయారవుతుంది. ఫ్రీజర్‌లో పెట్టండి, అక్కడ ఆ గొడవ ఆగిపోతుంది. రెండేసి ముక్కలుగా కవర్లలో పెట్టుకుంటే పొద్దున కావాల్సినన్ని తీసుకోవచ్చు, పది నిమిషాలు బయట ఉంచితే చాలు.

మామూలు చిన్న మిల్క్ బ్రెడ్‌కి తీపి ఎక్కువ, చక్కెర వల్ల పైన తొందరగా నల్లబడుతుంది, లోపల చీజ్ కరగనే కరగదు. శాండ్‌విచ్ బ్రెడ్ అని పెద్ద ముక్కలవి దొరుకుతాయి, అవి తీసుకోండి. గోధుమ బ్రెడ్ కావాలంటే కవరు మీద రంగు చూసి మోసపోవద్దు, వెనక పదార్థాల జాబితాలో మొదటి పేరు చదవండి. బ్రౌన్ బ్రెడ్ అని పెద్దక్షరాలతో రాసి, లోపల మొదటి పదార్థం మైదా, రంగు కోసం కారమెల్ వేసినవి ఎన్నో ఉన్నాయి. అంచులు కోయొద్దు. చాలామంది అందం కోసం కోస్తారు, కానీ ఆ గట్టి అంచే లోపలి కూరను ఆపే గట్టు. పాప అంచులు తినకపోతే తర్వాత చూసుకుందాం, ముందు మిగతాది తిననివ్వండి.

వెన్న సంగతి. లోపలివైపు రెండు ముక్కలకూ వెన్న రాయాలి, ఒకదానికే కాదు, అంచుల దాకా, ఎక్కడా బ్రెడ్ కనబడకుండా. రుచికి అనుకుంటారు గానీ అది వాన రాకుండా గోడకు పూసే సున్నం లాంటిది. కొవ్వు పొర ఉంటే చట్నీ తడి బ్రెడ్‌లోకి దిగదు. వర్లీలో నేను నిలబడ్డ బండి ఆయన నన్ను మొదటి వారం రోజులు వేరే పని ముట్టుకోనివ్వలేదు, వెన్న రాయడమే. మూలల్లో కాస్త వదిలితే తిట్టేవాడు. ఎందుకో చెప్పేవాడు కాదు, డబ్బాలు కట్టడం మొదలుపెట్టాక గానీ నాకర్థం కాలేదు. టేబుల్ బటర్‌లో ఉప్పు ఉంటుంది కాబట్టి కూరలో ఉప్పు తగ్గించుకోండి.

బయటివైపు మాత్రం వెన్నకంటే నెయ్యి మంచిది. వెన్నలో 16 శాతం దాకా నీళ్లుంటాయి, పాల పదార్థం కూడా కొంత ఉంటుంది, అదే మాడి నల్లచుక్కలు పడేది. నెయ్యిలో ఆ రెండూ లేవు, ఎక్కువ వేడిని తట్టుకుంటుంది. ముక్కకు అరచెంచా, వేలితో పల్చగా. ఎక్కువ పోస్తే వేగిన బ్రెడ్ అవుతుంది, మధ్యాహ్నానికి చేతులు జిడ్డు.

కాల్చడంలో మీరు చేస్తున్న పొరపాటు కనిపెట్టాను. మెషిన్ ఆన్ చేసి వెంటనే శాండ్‌విచ్ పెట్టి పది నిమిషాలు ఉంచుతున్నానన్నారు. చల్లటి ప్లేటు మీద పెడితే బ్రెడ్ ముందు మెల్లగా ఎండుతుంది, ఎర్రబడేసరికి లోపలి దాకా ఎండిపోయి ఉంటుంది, చల్లారాక తోలులా సాగుతుంది. పైన తడి ఉన్నంతసేపు వేడి 100 డిగ్రీలు దాటదు, ఎర్రదనం, ఆ వాసన రావాలంటే 140 దాటాలి. కాబట్టి ఖాళీ మెషిన్‌ని మూతవేసి ఐదు నిమిషాలు బాగా వేడెక్కనివ్వండి, లైటు మారాక కూడా ఇంకో నిమిషం ఆగండి. తర్వాత శాండ్‌విచ్ పెట్టి నాలుగైదు నిమిషాలు, అంతే. మొదటి రెండు నిమిషాలు మూత తీయొద్దు, బ్రెడ్ చిరగడానికి రెండో కారణం ఇది. పచ్చిగా ఉన్నప్పుడు ప్లేటుకు అంటుకుని ఉంటుంది, కాలితే దానంతట అదే వదులుతుంది. దోసె అంతే కదా, కాలకముందు అట్లకాడ పెడితే చిరుగుతుంది.

మూత మీద చేత్తో బలంగా నొక్కొద్దు. నొక్కితేనే గీతలు బాగా పడతాయని అందరూ అనుకుంటారు, గీతలు పడతాయి నిజమే, దాంతోపాటు చట్నీ, చీజ్ బయటికొచ్చేస్తాయి. మూత బరువు చాలు. చివరి అరనిమిషం కాస్త ఆనించండి కావాలంటే.

చీజ్ కారడానికి ఇంకో కారణం మీరు దాన్ని మధ్యలో కుప్పగా పెట్టడం, అదీ తురిమిన మొజరెల్లా. మొజరెల్లా వేడిగా ఉన్నప్పుడు సాగుతూ బ్రహ్మాండంగా ఉంటుంది, చల్లారాక రబ్బరు. ఆదివారం ఇంట్లో అప్పటికప్పుడు తినడానికి వాడుకోండి. డబ్బాకు మాత్రం మామూలు ప్రాసెస్డ్ చీజ్ స్లైసే మంచిది, చల్లారినా మెత్తగానే ఉంటుంది, నూనె కక్కదు. 200 గ్రాముల ప్యాకెట్‌లో పది స్లైసులు వస్తాయి, శాండ్‌విచ్‌కి ఒకటి చాలు. దాన్ని రెండుగా కోసి సగం కింది బ్రెడ్ మీద, సగం పై బ్రెడ్ కింద పెట్టండి, కూర మధ్యలో. అప్పుడు చీజ్ రెండువైపులా జిగురులా పట్టుకుంటుంది, కోసినా కూర రాలదు. చుట్టూ వేలు వెడల్పు ఖాళీ వదిలి కూర పరచండి, మూత వేస్తే అదే జరిగి అంచు దాకా వస్తుంది.

మొత్తం వరస ఇదీ: వెన్న రాసిన బ్రెడ్, దాని మీద చట్నీ ఒక్కవైపే, సగం చీజ్, కూర, సగం చీజ్, వెన్న రాసిన రెండో బ్రెడ్, బయట నెయ్యి.

ఇప్పుడు అసలు సంగతి, లోపల ఏం పెట్టాలి. మీరు పానినీ వీడియోలు చూసి పెస్టో (ఇటలీ వాళ్ల పచ్చ చట్నీ), ఎండబెట్టిన టమాటా అని రాశారు. పానినీ అంటే ఇటలీ మాటలో బ్రెడ్‌లో ఏదో పెట్టుకుని తినేదే, వాళ్లింట్లో ఉన్నది వాళ్లు పెట్టుకున్నారు. మనింట్లో ఉన్నది మనం పెట్టుకుందాం. నిజానికి మన పొడి వేపుళ్లు ఈ పనికి పుట్టినట్టే ఉంటాయి, వాటిలో నీళ్లుండవు కదా.

అన్నిటికంటే నమ్మకమైనది ఆలుగడ్డ. తొక్కతోనే, కోయకుండా ఉడకబెట్టండి, కోసి ఉడకబెడితే నీళ్లు తాగేస్తుంది. చల్లారాక పొట్టు తీసి చిదమండి, కానీ మెత్తటి ముద్ద చేయొద్దు. రెండు చెంచాల నూనెలో ఆవాలు, జీలకర్ర, కరివేపాకు, తరిగిన అల్లం, పచ్చిమిర్చి, ఒక ఉల్లిగడ్డ సన్నగా తరిగి బాగా వేయించి, పసుపు వేసి, ఆలుగడ్డ కలిపి మూత లేకుండా నాలుగైదు నిమిషాలు, మూకుడును వదిలి ముద్దగా తిరిగేదాకా. మసాలా దోసె కూరలో నీళ్లు పోస్తారు, ఇందులో చుక్క పోయొద్దు. 300 గ్రాముల ఆలుగడ్డకు నాలుగు శాండ్‌విచ్‌లు వస్తాయి. ఇది రాత్రే చేసి ఫ్రిజ్‌లో పెట్టాలి. పొద్దున పొయ్యి మీంచి దించిన వేడి కూర పెట్టారంటే ఆ ఆవిరంతా రెండు బ్రెడ్‌ల మధ్య ఇరుక్కుంటుంది, పైన చెప్పిన కష్టమంతా వృథా.

బండి మసాలా కావాలంటే వేయించిన జీలకర్ర, సోంపు, మిరియాలు, చిన్న దాల్చినచెక్క ముక్క పొడి కొట్టి, ఆమ్‌చూర్, నల్లుప్పు కలుపుకోండి. జీలకర్ర ఎక్కువ, దాల్చినచెక్క చాలా తక్కువ. దీన్ని చట్నీ మీద చల్లితే చాలు, పిల్లలు బజారు రుచి అంటారు.

నిన్నటి బెండకాయ వేపుడు, దొండకాయ వేపుడు మిగిలితే చిన్నగా తరిగి చెంచా పల్లీల పొడి కలిపి పెట్టండి. బెండకాయ శాండ్‌విచ్ ఏంటి అని మా ఆవిడ నవ్వింది, ఇప్పుడు తనే అడిగి చేయించుకుంటోంది. కందిపొడిలో నెయ్యి కలిపి ముద్దలా చేసి బ్రెడ్‌కి పట్టించి, మీద వేయించిన ఉల్లిగడ్డ, సగం చీజ్ పెడితే, అబ్బో. వేడన్నంలో కందిపొడి నెయ్యి తిన్న ఏ పిల్లాడూ దీన్ని వెనక్కి తేడు. గోంగూర పచ్చడి కూడా బాగా కుదురుతుంది, కానీ నేరుగా రాస్తే నూనె బ్రెడ్‌లోంచి బయటికి దిగుతుంది, చెంచా పచ్చడికి చెంచా మెత్తటి వెన్న కలిపి రాయండి, పులుపుకు చీజ్ సరిగ్గా జోడీ. ఆవకాయతో మూడుసార్లు ప్రయత్నించాను, కుదరలేదు, ముక్క పంటికి తగులుతుంది, పిండి తీసి రాస్తే ఉప్పు ఎక్కువవుతుంది, వదిలేశాను.

పనీర్ అయితే చిదిమి, క్యాప్సికమ్‌తో పెద్ద మంట మీద రెండు నిమిషాలు తిప్పి, దించాక ఉప్పు వేయండి. ముందే వేస్తే క్యాప్సికమ్ నీళ్లు వదులుతుంది. స్వీట్‌కార్న్ ఉడికించి గుడ్డ మీద ఆరబెట్టి వాడాలి, తడిగా వేస్తే మళ్లీ మొదటికే. గుడ్డు అయితే ఉడికించిన చక్రాలకంటే పొడిపొడిగా చేసిన పొరటు నయం.

చికెన్ గురించి జాగ్రత్త. రాత్రి చేసిన పొడి వేపుడు ఎముకలు తీసి పీచులుగా చేసి పెడితే అద్భుతంగా ఉంటుంది, కానీ నేను చలికాలంలో తప్ప డబ్బాలో పెట్టను. మాంసం, గుడ్డు, పనీర్ లాంటివి 5 నుంచి 60 డిగ్రీల మధ్య ఉన్నప్పుడే సూక్ష్మక్రిములు గబగబా పెరుగుతాయి, మన క్లాసు గదిలో మార్చి, ఏప్రిల్ ఎండలు సరిగ్గా ఆ మధ్యలోనే ఉంటాయి. ఆ ఎండల్లో నాలుగు గంటలు దాటితే నేను నమ్మను. ఆ నెలల్లో ఆలుగడ్డ కూడా పొద్దున మళ్లీ బాగా వేడిచేసి, పూర్తిగా చల్లార్చి పెడతాను, లేకపోతే పొడుల శాండ్‌విచ్‌లే.

ఇంట్లో చేసిన మయొనైజ్ వాడుతున్నానన్నారు, పచ్చి గుడ్డుతో. దయచేసి మానేయండి. 2024 అక్టోబరు 30 నుంచి ఏడాదిపాటు తెలంగాణ ప్రభుత్వం పచ్చిగుడ్డు మయొనైజ్ తయారీని, అమ్మకాన్ని నిషేధించింది, ఊరికే కాదు, జనం ఆసుపత్రుల పాలయ్యాక. హోటల్‌కి వద్దన్నది ఐదు గంటలు బయట ఉండే పిల్లల డబ్బాకు అస్సలు వద్దు. ఆ మెత్తదనం కావాలంటే పెరుగును గుడ్డలో కట్టి రాత్రంతా ఫ్రిజ్‌లో వేలాడదీయండి, పొద్దుటికి వెన్నలా అవుతుంది, అందులో మిరియాల పొడి, వెల్లుల్లి. ఇది కూడా చలి నెలలకే.

మెషిన్ల గురించి రెండు మాటలు, ఎలాగూ అడిగారు కాబట్టి. త్రికోణపు గుంటలుండే టోస్టర్ అంచుల్ని నొక్కి మూసేస్తుంది, కూర కారదు, కానీ ఎక్కువ పట్టదు, పెద్ద బ్రెడ్ ఇమడదు. మీది గీతల ప్లేట్ల గ్రిల్, దానికి అతుకు దగ్గర పైకి కిందికి కదిలే వీలుంటే మందపాటి శాండ్‌విచ్ మీద కూడా మూత సమంగా కూర్చుంటుంది. కొనేటప్పుడు చూడాల్సింది అదొక్కటే, మీదానికి అది ఉందని మీరు పంపిన ఫోటోలో కనిపించింది. గ్యాస్ మీద పెట్టే చేతి టోస్టర్ చవక, రుచి దానిదే బాగుంటుంది నన్నడిగితే, కానీ దగ్గర నిలబడి తిప్పుతూ ఉండాలి, అల్యూమినియంది ఇండక్షన్ మీద పనిచేయదు.

ఏదీ లేనివాళ్లు కూడా ఇది చదువుతుంటే, ఇనుప పెనం చాలు. మధ్యస్తం మంట, శాండ్‌విచ్ మీద బటర్ పేపర్, దాని మీద లీటరు నీళ్లు పోసిన చిన్న కుక్కర్, ఒక్కో వైపు మూడు నిమిషాలు. మా అమ్మ రుబ్బురోలు పొత్రం పెట్టేది, ఇప్పుడు ఎవరిళ్లలో ఉంది లెండి.

డాలస్‌లో ఉండే మా చెల్లెలు ఫోన్ చేసినప్పుడల్లా ఒకటే ఫిర్యాదు, అన్నయ్యా, నా శాండ్‌విచ్ ముందుకు జారి కూరంతా ఒక పక్కకు వస్తోంది అని. వాళ్లింట్లో జార్జ్ ఫోర్‌మన్ గ్రిల్ ఉంది. 1994లో ఆ బాక్సర్ పేరుతో వచ్చిన ఆ గ్రిల్‌ని మాంసంలోని కొవ్వు కారిపోవాలని ముందుకు ఏటవాలుగా చేశారు. శాండ్‌విచ్‌కి అదే శత్రువు. ముందు కాళ్ల కింద ఒక చెక్కముక్క పెట్టి ప్లేటు సమం చేయమన్నాను, సమస్య తీరింది. అక్కడ ఉండేవాళ్లకు ఉపయోగపడుతుందని రాశాను. ఆఫీసులో మైక్రోవేవ్‌లో వేడి చేసుకోవద్దు, అది ఎంత కరకరలాడేదాన్నైనా అరనిమిషంలో మెత్తగా చేస్తుంది, చల్లగా తినడమే మేలు.

చీజ్ అంటుకున్న ప్లేట్లను స్టీలు పీచుతో గీకొద్దు, పూత పోతే ఇక ప్రతిదీ అంటుకుంటుంది. ప్లగ్గు తీసి, గోరువెచ్చగా ఉన్నప్పుడు తడిపి గట్టిగా పిండిన గుడ్డ మధ్యలో పెట్టి మూత వేయండి, ఐదు నిమిషాల తర్వాత తుడిస్తే వచ్చేస్తుంది.

ఈ ఆదివారం ఒక పని చేయండి. పొద్దున ఏడింటికి ఒక శాండ్‌విచ్ చేసి, చల్లార్చి, పాప డబ్బాలోనే పెట్టి మూతవేసి, పన్నెండున్నరకు మీరే తెరిచి తినండి. అప్పటికీ మెత్తగా ఉంటే ఎక్కడ మెత్తబడిందో చూడండి. కింది బ్రెడ్ బయటివైపు ఒక్కటే తడిగా ఉంటే అది ఆవిరి, జాలీ మీద ఇంకో ఐదు నిమిషాలు ఉంచాలి. బయట బాగుండి లోపలివైపు ముద్దయితే కూరలోనో చట్నీలోనో నీళ్లున్నాయి, లేదా వెన్న మూలల దాకా వెళ్లలేదు. తడి ఎక్కడా లేకుండా తోలులా సాగుతుంటే మెషిన్ సరిగ్గా వేడెక్కకముందే పెట్టి ఎక్కువసేపు ఉంచారు. ఏ రకమో, లోపల ఏం పెట్టారో రాయండి, మిగతాది అప్పుడు చూద్దాం.